చెయ్యి తీస్తే ఆగిపోయే గంట

నేను చెప్పే మాటల్లో సగం నమ్మకూడదని మహారాష్ట్ర అంచున తెలుగు మాట్లాడే మా సిరొంచలో చిన్నా పెద్దా అందరికీ తెలుసు. ఏ సగం అన్నది మాత్రం ఎవరికీ తెలియదు. ప్రాణహితలో ఒక మొసలి నా ట్రాన్సిస్టర్ రేడియోను మింగి, బ్యాటరీలు అయిపోయేదాకా మూడు రోజులు నీళ్లలోంచి వార్తలు చదివిందన్న కథ నాదే. బస్టాండు నుంచి పడవల రేవు దాకా అది ఇప్పటికీ తిరుగుతోంది. ఆ కథను నేను మొట్టమొదట చెప్పింది రేగుంటలో, పెళ్లిచూపుల్లో. పెద్దవాళ్లంతా చాప వైపు చూశారు. మా మేనమామ నా తొడ గిల్లాడు. చాయ్ గ్లాసులు పట్టుకుని గడప దగ్గర నిలబడ్డ అమ్మాయి మాత్రం తలెత్తి ఒకే ఒక్క ప్రశ్న వేసింది.

"మొసలి ఏ భాషల సదివింది?"

"పొద్దుగాల మరాఠీల. పొద్దుమూకినంక తెలుగుల."

గ్లాసులు అక్కడే పెట్టి లోపలికి వెళ్లిపోయింది. వంటింట్లోంచి నవ్వు వినిపించింది. ఆ నవ్వు ఎంతసేపటికీ ఆగలేదు. నేను ఆ రోజే ఖరారైపోయాను.

పెళ్లయిన ఏడు నెలలకు ఆమెకు నాగేపల్లి దగ్గరి బడిలో ఉద్యోగం వచ్చింది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. నాకు సిరొంచ బజారులో రేడియోలు, టీవీలు బాగుచేసే చిన్న దుకాణం ఉండేది. నాగేపల్లికి మా ఊరి నుంచి ఎర్ర బస్సులో ఎండాకాలమైతే సగం రోజు, వానాకాలమైతే దారిలోని వాగుల దయ. అక్కడ ఆమె ఇంకో టీచరమ్మతో కలిసి ఒక్కటే గదిలో ఉండేది. నేను చూడడానికి వెళ్తే వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టేవాళ్లు. చాయ్ ఇచ్చేవాళ్లు. ముగ్గురం వాన గురించి మాట్లాడుకునేవాళ్లం. సాయంత్రం బస్సుకు నేను వెనక్కి. పెళ్లాన్ని చూసి వచ్చినట్టు ఉండేది కాదు, తహసీలు ఆఫీసులో అర్జీ ఇచ్చి వచ్చినట్టు ఉండేది.

ఫోను తీగలు వాన పడితే తెగేవి. అందుకని నాగేపల్లి పక్కనున్న అహేరికి పోయే బస్సు డ్రైవరు చేతికి చిట్టీలు ఇచ్చి పంపుకునేవాళ్లం. మధ్యాహ్నం బస్సు హారన్ వినబడితే చాలు, చేతిలో ఎవరి టీవీ ఉన్నా, ఆ టీవీలో ఎంత కరెంటు ఉన్నా వదిలేసి పరిగెత్తేవాణ్ణి. నేను ఆమెకు నాలుగు పేజీలు రాస్తే ఆ నాలుగు పేజీలే తిరిగి వచ్చేవి, ఎర్ర సిరాతో తప్పులు దిద్ది. కింద మార్కులు. 'ఇరవైకి తొమ్మిది. గోరంత సంగతి, కొండంత రాత.' ఆ ఎర్ర గీతల్లో ఎక్కడైనా నా మీద ప్రేమ ఉందా అని కాగితాన్ని వెలుతురుకు అడ్డం పెట్టి మరీ వెతికేవాణ్ణి. ఒకసారి 'నీవు లేక' అని నేను రాసిన చోట ఆమె గీత గీయలేదు. తప్పు లేదని వదిలేసింది. ఆ ఒక్క కాగితం జేబులో పెట్టుకుని నెల తిరిగాను.

ఆ ఏడు వేసవి సెలవులు అయిపోయి తిరిగి వెళ్లే ముందు రోజు, సంచిలో బట్టలు సర్దుకుంటూ అంది.

"మా బడిల గంట కొట్టే తాత ఉన్నడు. రైలు పట్టా ముక్క కట్టి కొడ్తడు. ఆకలైతే అరగంటకే అన్నం గంట కొడ్తడు. కునుకొస్తే ఒక్క పీరియడే గంటన్నర నడుస్తది. నలభై నిమిషాలకోపారి దానంతటదే మోగే గంట చేసిస్తవా?"

"గంతేనా? రెండు దినాల పని."

"ఆగు, నేను చెప్పేది ఇను. హెడ్మాస్టరును అడిగిన. ఆగస్టు దాటితే చంద్రపూర్ నుంచి తెప్పిస్త అంటుండు. నువ్వు చేసిస్తె బడిల రేడియో, మైకు, మోటరు, అన్ని నీకే చెప్తడట. అక్కడ దుకాణం పెట్టుకున్నా నడుస్తది."

"ఇయ్యాల్నే మొదలుపెడ్త."

ఆమె చీర మడత పెట్టడం ఆపింది. "ఇన్నొద్దుల సంది నీ మాటలు ఇన్న. నవ్విన. ఒక్కటంటే ఒక్కటి నిజం చేసి చూపెట్టు. ఆ గంట ఒక దినమంత దానంతటది మోగాలె. మోగిన దినం వేరే గది తీసుకుంట, మనిద్దరికి. మోగకపోతె నువ్విక్కడ, నేనక్కడ. మొసలి సదివిన వార్తలు నమ్ముకోని నేను గది తీసుకోను."

అదీ సంగతి. నా సంసారం మొత్తం ఒక గంట మీద వేలాడింది.

పగలంతా జనాల రేడియోలు బాగుచేసి, తీరిక దొరికితే పుస్తకాల్లో బొమ్మలు చూసి చిన్న చిన్న సర్క్యూట్లు కట్టుకోవడం నాకు పెళ్లికి ముందు నుంచీ ఉన్న పిచ్చి. ఈ గంటకు నేను వేసుకున్న లెక్క తేలికైనదే. గోడ గడియారాల్లో క్రిస్టల్ అని ఒకటి ఉంటుంది. వడ్లగింజంత వెండి గొట్టం, దానికి వెంట్రుకల్లాంటి రెండు కాళ్లు. కరెంటు తగిలితే లోపలి గాజు ముక్క సెకనుకు ముప్పై రెండు వేల ఏడు వందల అరవై ఎనిమిది సార్లు వణుకుతుంది. ఆ వణుకును చిప్పులతో పదిహేను సార్లు సగం, సగం చేసుకుంటూ పోతే సరిగ్గా సెకనుకు ఒకటి మిగులుతుంది. ఆ ఒక్కటికి ఒక ఎర్ర లైటు మినుకుమంటుంది. అట్లాంటి మినుకులు రెండు వేల నాలుగు వందలు లెక్కపెట్టి హారన్ కొట్టాలి. అంతే. పాత మోటారు సైకిలు హారన్, దాని బ్యాటరీ, చిప్పులు, ఒక బిస్కెట్ల రేకు డబ్బా పోగుచేశాను.

టంకం వేయబోయేసరికి పేస్టు అయిపోయింది. సీసం అతుక్కోవడానికి పూసే ఆ పేస్టు నాకు ప్రాణహిత అవతల మంచిర్యాల నుంచి వచ్చేది. అప్పటికి ప్రాణహిత నిండుగా ఉంది, పడవలు ఆపేశారు. ఆగే ఓపిక నాకెక్కడిది? బజారు చివర గిన్నెలకు కళాయి వేసే చాచా దగ్గరికి పోయి చిటికెడు నవాసాగరం అడిగాను.

"గిది గిన్నెలకు బేటా. నీ రేడియోలకు గాదు."

"లోహం లోహమే గద చాచా."

"మేము కళాయి పెట్టినంక గిన్నెను కడుగుతం. నువ్వు నీ రేడియోను కడుగుతవా?"

ఇద్దరం నవ్వుకున్నాం. నవాసాగరం నీళ్లలో కలిపి పూసి టంకం వేశాను. వెండిలా మెరిసింది. అంత అందమైన టంకం నా జన్మలో వేయలేదు. బ్యాటరీ తగిలించాను. ఎర్ర లైటు వెలగలేదు.

క్రిస్టల్ చచ్చిందనుకున్నాను. దుకాణంలో బాగుకు వచ్చిన గోడ గడియారం విప్పి దాని క్రిస్టల్ పెట్టాను. తన గడియారంలో నిక్షేపంగా టిక్కుమన్న క్రిస్టల్ నా డబ్బాలోకి వచ్చాక మూగదైపోయింది. ఇంకొకటి పెట్టాను. ఇంకొకటి. చిప్పు మార్చాను. చుట్టూ ఉండే చిన్న కెపాసిటర్లు మార్చాను. బ్యాటరీ మార్చాను. పుస్తకంలో బొమ్మ తప్పేమోనని తలకిందులుగా పెట్టి చూశాను. మీటరు పెట్టి చూస్తే కరెంటు అన్ని చోట్లా ఉంది, వణుకు ఒక్కటే లేదు. అన్నీ ఉండి ఇంటి మనిషి లేని నా ఇంటిలాగే ఉంది ఆ డబ్బా. బయట వారం రోజులుగా ముసురు. గోడలు చెమ్మగిల్లి సున్నం ఊడి నా టేబులు మీద రాలేది. జూలై అట్లాగే గడిచింది. నాగేపల్లి నుంచి చిట్టీ: 'గంట ఎందాక వచ్చింది?' 'అయిపోయినట్టే, రంగు వేస్తున్న' అని రాశాను. ఇరవైకి ఆరు వచ్చాయి.

ఒక మధ్యాహ్నం క్రిస్టల్ మీద పడ్డ సున్నం పెళ్లను తీద్దామని వేలు పెట్టాను. ఎర్ర లైటు మినుకుమంది. మళ్లీ మినుకుమంది. నేను మెల్లగా వేలు తీశాను. ఏడెనిమిది సార్లు మినుకుమని ఆగిపోయింది. వేలు పెట్టాను, నడిచింది. తీశాను, ఆగింది. ఆ పూట దుకాణానికి ఎవరు వచ్చారో, ఎవరు పోయారో నాకు తెలియదు. వేలు పెట్టి అట్లాగే కూర్చున్నాను. నాలుగిళ్ల అవతల ఉండే మా బాబాయి లోపలికి తొంగి చూశాడు.

"ఏందిరా, గట్ల యేలు పెట్టుకోని కూసున్నవ్?"

"నాడి చూస్తున్న బాబాయి."

"ఎవలది?"

"నాగేపల్లిది."

ఆయన తల ఊపుకుంటూ వెళ్లిపోయాడు. నేను వేళాకోళమాడలేదు. వేలి కింద ఏదో వణుకుతోందని, అది సెకనుకు ముప్పై రెండు వేల సార్లని, చెయ్యి తీస్తే ఆగుతుందని తెలిశాక ఎట్లా తీస్తాం? ఎడమ చేత్తో అన్నం తినే అలవాటు లేదు కాబట్టి గానీ, లేకుంటే రాత్రి దాకా తీసేవాణ్ణి కాదు.

ఆగస్టు మూడో వారం వచ్చింది. ఇంక ఆగడానికి వీల్లేదు. నడవని గంటను డబ్బాలో పెట్టుకుని, అక్కడికి పోయాక ఏదో ఒకటి తోచకపోతుందా అని పొద్దున్నే అహేరి బస్సెక్కాను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ రోజుల్లో, ఆ దారిలో, బస్సులో ఎవడూ చేయకూడని పని నేను చేశాను. రేకు డబ్బా, అందులో బ్యాటరీ, దానికి రంగురంగుల తీగలు, సెకన్లు లెక్కపెట్టే యంత్రం. నాకు అది బడి గంట. మందుపాతరలు పేలే ఆ అడవి దారిలో చూసేవాళ్లకు అది ఏమిటో నాకు తట్టనే లేదు. పెళ్లాం దగ్గరికి పోయేవాడి బుర్ర అంతవరకే పని చేస్తుంది.

బామ్ని దాటాక పోలీసులు బస్సు ఆపారు. అందర్నీ దింపారు. హవల్దారు మా ప్రాంతపువాడే, తెలుగు మాట్లాడాడు. డబ్బా మూత తీసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఏందిది?"

"గంట సాబ్. బడి గంట."

"బడి గంటకు బ్యాటరీ ఎందుకు?"

"దానంతటదే మోగుతది సాబ్."

"మోగియ్యి."

"ఇప్పుడు మోగది సాబ్. యేలు పెట్టాలె. యేలు పెడితె నడుస్తది, తీస్తె ఆగుతది."

బస్సులోంచి కోడిని చంకన పెట్టుకుని దిగిన ముసలమ్మ ఒకామె అందుకుంది. ఆమెది మా ఊరే. "ఈని మాటలు నమ్మకు సాబ్. మొసలితోని వార్తలు సదివించినోడు ఈడే."

హవల్దారు ఆమెను చూశాడు, నన్ను చూశాడు. డబ్బాను జీపు బానెట్ మీద పెట్టించి, బ్యాటరీ తగిలించి, వేలు పెట్టి చూపించమన్నాడు. చూపించాను. ఎర్ర లైటు మినుకుమంది. తీయమన్నాడు. తీశాను. ఆగింది.

"మరి ఎప్పుడు మోగుతది?"

"నలభై నిమిషాలైనంక."

"అంటె నలభై నిమిషాలు నువ్వు బడిల దీంట్ల యేలు పెట్టుకోని కూసుంటవా?"

"అదే పరేషాన్ అయితుంది సాబ్."

జన్మలో మొదటిసారి పూర్తి నిజం చెప్పాను, ఒక్కరు నమ్మితే ఒట్టు. బ్యాటరీ తగిలించి ఉన్నది ఉన్నట్టే డబ్బాను ఎవరూ ముట్టకూడదన్నాడు. నన్ను తీసుకుపోయి తునికి చెట్టు కింద కూర్చోబెట్టాడు. నాగేపల్లి బడి హెడ్మాస్టరును అడిగి కనుక్కోమని వైర్‌లెస్‌లో అహేరికి చెప్పాడు. బస్సులోని జనమంతా నన్ను, నా గంటను, నా వంశాన్ని మూడు భాషల్లో తిట్టుకుంటూ గట్టు మీద కూర్చున్నారు.

వారం ముసురు తర్వాత ఆ రోజే ఎండ కాసింది. మామూలు ఎండ కాదు, వాన ఆపి కాసే ఎండ. జీపు బానెట్ మీద అప్పుడే రొట్టె కాల్చవచ్చు. ఎండలో ఎర్ర లైటు ఉన్నదీ లేనిదీ కనబడదు. అందువల్ల ఎవరూ చూడలేదు, నేనూ చూడలేదు.

ఒక్కసారిగా హారన్ మోగింది.

బర్రుమని ఐదు సెకన్లు. ముసలమ్మ చంకలోని కోడి ఎగిరి జీపు మీద వాలింది. కండక్టరు బస్సు కిందికి దూరాడు. హవల్దారు బురదలో బోర్లా పడ్డాడు. అందరూ జీపుకు దూరంగా పరిగెత్తుతుంటే నేనొక్కణ్ణే జీపు వైపు పరిగెత్తాను. "ఆగు, ఆగు" అని అరుపులు. నేను ఆగలేదు.

"నలభై నిమిషాలు! సాబ్, చెయ్యి లేకుండ నలభై నిమిషాలు!"

డబ్బా మీద నీడ పడేలా అరచేయి అడ్డం పెట్టి చూశాను. ఎర్ర లైటు దాని పాటికది మినుకుమంటోంది. కోడి పక్కనే నిలబడి తల వంచి చూస్తోంది.

హవల్దారు లేచి వచ్చాడు. మొహం నిండా బురద. "యేలు లేకుంటె నడవదంటివి గద? అబద్ధం చెప్పినవా?"

"నేను నిజమే చెప్పిన సాబ్. అది అబద్ధమైంది."

నన్ను ఏం చేసేవాడో గానీ, అప్పుడే వైర్‌లెస్‌లో జవాబు వచ్చింది. గంట కోసం హెడ్మాస్టరు నిజంగానే ఎదురుచూస్తున్నాడట. హవల్దారు డబ్బా మూత పెట్టి నా చేతికిచ్చాడు. "పో. మల్ల ఈ దారిల గంటలు తేకు. ఇనుప ముక్క కొట్టుకొమ్మను."

బస్సు కదిలింది. డబ్బాను ఒళ్లో పెట్టుకుని, మూత కాస్త తెరిచి లైటునే చూస్తూ కూర్చున్నాను. పది మైళ్లు నడిచింది. మళ్లీ జల్లు మొదలైంది. కిటికీ రేకు సరిగా దిగదు, తేమ గాలి లోపలికి కొట్టింది. లైటు ఆగిపోయింది. ఎండకు నడిచింది, చెమ్మకు ఆగింది. అప్పుడు గుర్తుకొచ్చింది కళాయి చాచా మాట. నవాసాగరం ఉప్పులాంటిదే, గాలిలోని చెమ్మను పీలుస్తుంది. క్రిస్టల్‌కు అందేది చాలా సన్నని కరెంటు. ఆ రెండు కాళ్ల మధ్య తడిసిన ఉప్పు పేరుకుంటే ఆ కాస్త కరెంటూ అందులోంచి జారిపోతుంది. ఇంక అది దేంతో వణకాలి? వేలు పెట్టినప్పుడు మాత్రం ఒంట్లోంచి అందే కాస్త తోపుడుకు కదిలేది. క్రిస్టల్ మంచిదే. చిప్పు మంచిదే. చాచా తన గిన్నెలను కడుగుతాడు, నేను నా సర్క్యూటు పలకను కడగలేదు. నెలన్నర పాటు నేను వేటివేటినో మార్చాను గానీ కడగలేదు.

ఆ సంతోషం ఇంకా గొంతు దిగక ముందే నా బుర్రలో ఇంకో పురుగు తొలిచింది. కడగకపోతే? కడిగితే ఆ గంట ఎవరి సాయమూ లేకుండా నడుస్తుంది. నన్ను దండ వేసి బస్సెక్కిస్తారు. కడగకుండా వదిలేసి, ఇది కట్టినవాడి చెయ్యి పడితేనే రోజూ పొద్దున మొదలవుతుందని చెబితే? నేను రోజూ అక్కడ ఉండాల్సిందే. గది అవసరం దానంతటదే వస్తుంది. అహేరి చేరేలోపు ఆ కథకు ముక్కూ చెవులూ కూడా వచ్చాయి. క్రిస్టల్ మనిషిని గుర్తుపడుతుందని, ఆవు తన పాలు పితికే చేతిని గుర్తుపట్టినట్టేనని. మొసలి కథ కన్నా బాగుందనిపించింది.

ఆ రాత్రి హెడ్మాస్టరు ఇంట్లోనే పడుకున్నాను. మర్నాడు పొద్దున బడికి వెళ్తే ఆమె వరండాలో హాజరు పట్టీ ఛాతీకి ఆనించుకుని నిలబడి ఉంది. రెండు నెలలైంది చూసి. కొద్దిగా చిక్కింది. నన్ను చూసి నవ్వలేదు. డబ్బాను చూసింది.

బయట వాన. హెడ్మాస్టరు టేబులు మీద డబ్బా పెట్టి బ్యాటరీ తగిలించాను. లైటు వెలగలేదు. వేలు పెట్టాను, మినుకుమంది. హెడ్మాస్టరు మరాఠీ మనిషి. మా తెలుగును పుస్తకం చదివినట్టు పట్టి పట్టి మాట్లాడేవాడు. బళ్లోవాళ్లంతా టీచరమ్మ భర్తనని నన్ను జావయీబాపూ, అంటే అల్లుడుగారూ, అని పిలిచేవారు.

"చాలా బాగుంది జావయీబాపూ. కానీ చేయి తీస్తే ఆగుతోంది. రోజూ ఉదయం వేలు ఎవరు పెట్టాలి? మీరే పెట్టాలా? అయితే మీరు ఇక్కడే ఉండాలి కదా?"

నేను తెరుద్దామనుకున్న తలుపును ఆయనే తెరిచి పట్టుకున్నాడు. కథ నాలుక చివరికి వచ్చింది. ఆవు, పాలు పితికే చెయ్యి, అన్నీ వరుసలో నిలబడ్డాయి. తల తిప్పాను. ఆమె నన్నే చూస్తోంది, పెళ్లిచూపుల్లో గడప దగ్గర నిలబడి చూసినట్టు. కానీ ఈసారి ఏ ప్రశ్నా వేయలేదు.

"అక్కర్లేదు సార్," అన్నాను. "తప్పు నాదే. కడగాల్సింది కడగలేదు. వేడినీళ్లతోని కడిగి ఆరబెడితె ఎవ్వరి చెయ్యి అక్కర్లేదు. నేను కూడ అక్కర్లేదు."

ఆ చివరి మాట అనకుండా ఉండవచ్చు. అనేశాను.

సాయంత్రం ఆమె గది వరండాలో గిన్నెడు వేడినీళ్లు, పాత పళ్ల బ్రష్షు పెట్టుకుని కూర్చున్నాను. క్రిస్టల్ కాళ్ల మధ్య మెల్లగా గీకుతుంటే ఆమె వచ్చి బ్రష్షు లాక్కుంది.

"గట్ల కాదు. అంట్లు తోముడు నువ్వు నాకు నేర్పుతవా?"

"జర పైలం. ఆ కాళ్లు ఇరుగుతయి."

"రోజు అరవై మంది పోరగాండ్లను పట్టుకుంట. ఇది నాకో లెక్కనా?"

గిన్నెలో నీళ్లు తెల్లగా మారాయి. పారబోసి మళ్లీ పోసింది. ఆమె రెండు చేతులూ నీళ్లలో ఉన్నాయి. పలక పట్టుకున్న నా చెయ్యీ నీళ్లలోనే ఉంది. లోపల ఉన్న ఇంకో టీచరమ్మ ఎందుకో ఆ రోజు వాన గురించి మాట్లాడడానికి బయటికి రాలేదు. తర్వాత పొయ్యి పక్కన నిప్పుల సెగకు పలకను ఆరబెట్టి, క్రిస్టల్ కాళ్ల మీద కొవ్వొత్తి మైనం కరిగించి పోశాను, మళ్లీ చెమ్మ చేరకుండా.

మర్నాడు మొదటి పీరియడుకు మీట నొక్కి వదిలేశాను. చేతులు రెండూ చంకల్లో దాచుకుని వరండా బెంచీ మీద కూర్చున్నాను, ఎవరూ నన్ను అనుమానించకుండా. నలభై నిమిషాలకు హారన్ బర్రుమంది. గంట కొట్టే తాత ఉలిక్కిపడి లేచాడు. "అన్నం గంటనా?" "కాదు తాతా, ఇంక మూడున్నయి." నిట్టూర్చి మళ్లీ కూర్చున్నాడు. మోగిన ప్రతిసారీ ఆమె తన తరగతి కిటికీలోంచి ఒకసారి నా చేతుల వైపు చూసేది. అన్నం వేళ దాటింది. ఐదో గంట అయ్యాక వాన ఎట్లా పట్టిందంటే ఎదురుగా ఉన్న జెండా కర్ర కనబడలేదు. పెంకుల సందుల్లోంచి తుంపర లోపలికి వస్తోంది. లేచి పోయి లైటు చూడాలని ఉంది. చూస్తే ముట్టుకుంటానని భయం. నలభై నిమిషాలంటే ఎంతో ఆ రోజు నాకు తెలిసింది. తాత నా పక్కకు జరిగి, "ఆగింది పో, నేను కొట్టనా?" అన్నాడు, ఆశగా. అప్పుడే మోగింది.

ఏడు. ఎనిమిది. పిల్లలు సంచులు నెత్తిన పెట్టుకుని వానలోకి పరిగెత్తారు. హెడ్మాస్టరు నాకు చేయి ఇచ్చి మూడుసార్లు ఊపాడు. ఆమె హాజరు పట్టీ లోపల పెట్టి వచ్చింది.

"నాలుగున్నరకు సిరొంచ బస్సున్నది. పో."

గంట మోగింది గదా అందామనుకున్నాను. మొహం వేరేవైపు తిప్పుకున్నాను.

"పొయ్యి దుకాణం సర్దుకోని రా," అంది. "గది పోయిన నెల్నే చూసి పెట్టిన. రెండు కిటికీలున్నయి. ఒకటి నీ టేబులుకు."

"పోయిన నెలనా? మరి గంట మోగకపోతె?"

"మోగకపోతె ఇంకోటి చేస్తువు. నిన్న పొద్దుగాల సారు అడిగినప్పుడు నువ్వు అబద్ధం చెప్పుంటె మాత్రం గది ఇడిసిపెడుదును." కొంగుతో నా భుజం మీది తుంపర తుడిచింది. "నోరు తెరిచినవ్. చూసిన నేను. ఏదో పెద్దదే వచ్చింది నోటిదాక. ఏందది?"

"ఆవు కథ."

"బస్సుకు ఇంక టైమున్నది. చెప్పు."

చెప్పాను. పెళ్లిచూపుల్లో వంటింట్లో నవ్విన నవ్వు ఈసారి ఎదురుగా చూశాను.

ఆ గదిలో మేం మూడేళ్లున్నాం. ఒక కిటికీ నాకు, ఒకటి ఆమెకు. పొద్దున ఆమె బడికి పోతే గంట దుకాణం దాకా వినబడేది. ఎనిమిది లెక్కపెట్టుకుంటే సాయంత్రం ఇంటికి వచ్చేది. మూడేళ్ల తర్వాత బదిలీ. జిల్లా ఆ చివరికి. అక్కడి నుంచి ఇంకో ఊరు, ఇంకో ఊరు. ఈలోగా ఇక్కడ మా అమ్మ మంచం పట్టింది, నేను సిరొంచకు తిరిగొచ్చేశాను. అమ్మ పోయింది, నేను ఉండిపోయాను. ఇప్పుడు నదుల మీద వంతెనలు వచ్చాయి, జేబులో ఫోను వచ్చింది. రేడియోలు బాగుచేయించుకునేవాళ్లు లేరు. ఆమె సర్వీసు ఇంకా కొన్నేళ్లుంది. పండుగలకు వస్తుంది, సెలవులకు వస్తుంది. మూడేళ్ల కాపురం తప్పిస్తే మా సంసారమంతా బస్సు వేళలే.

బడిలో కొత్త గంట పెట్టినప్పుడు పాతది పారేస్తుంటే నేను అడిగి తెచ్చుకున్నాను. నా టేబులు మీద ఉంది. పొద్దున మీట నొక్కుతాను, నలభై నిమిషాలకోసారి మోగుతుంది. పక్క దుకాణాలవాళ్లు తిడతారు. మైనం పసుపుపచ్చగా మారింది గానీ క్రిస్టల్ ఒక్కరోజూ మొరాయించలేదు. అదే నాకు కష్టంగా ఉంది. అప్పుడప్పుడు దాని మీద ఊరికే వేలు పెడతాను. దానికి తేడా ఏమీ ఉండదు.

మొన్న వాన పట్టిన రోజు ఆమెకు ఫోన్ చేశాను.

"గంట ఆగిపోయింది."

"ఎప్పటి సంది?"

"మూడు దినాల సంది. కడిగిన, ఎండబెట్టిన, క్రిస్టల్ మార్చిన. ఇగ నాతోని కాదు. నువ్వచ్చి చెయ్యి పెడితె తప్ప..."

నా వెనక హారన్ బర్రుమని మోగింది. ఐదు సెకన్లు, పూర్తిగా.

ఫోనులో రేకుల మీద చినుకుల చప్పుడు వినిపించింది. అక్కడ కూడా వాన పడుతున్నట్టుంది.

"ఇరవైకి రెండు," అంది చివరికి.

"గీ అబద్ధానికి రెండెందుకే టీచరమ్మా?"

"చెయ్యి పెట్టుమన్నవు గద. దానికి." కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడైంది. "మల్ల మోగేదాక నలభై నిమిషాలున్నయి. మొసలి ఎట్లున్నదో చెప్పు. ఇప్పుడేం సదువుతున్నది?"